పిన్నీసుల తాత

బడి గేటు పక్కన ఓ పిల్లాడు ఒంటికాలి మీద నిలబడి ఊగిపోతున్నాడు.

వాడి రెండో కాలి బూటు గోడవారన కూర్చున్న ముసలాయన చేతిలో ఉంది. తెల్ల గుడ్డబూటు మీద మట్టి మరక కనపడకుండా సుద్దముక్క రుద్దుతున్నాడాయన.

"తాతా, తొందరగా! బెల్లు కొట్టేస్తారు!"

"అయిపోయిందిరా నాయనా. ఏదీ, కాలు పెట్టు."

వాడి వెనకే గుండీ ఊడినవాడు, టై మరిచిపోయినవాడు, రిబ్బను పోగొట్టుకున్న పిల్ల. ఆయన సంచిలో లేనిదంటూ లేదు. పిన్నీసుల తాత అని పిల్లలే పేరు పెట్టుకున్నారు.

గేటు దగ్గర కాపు కాసే డ్రిల్లు మాస్టారికి మాత్రం ఆయన్ను చూస్తే ఒళ్లు మంట.

మాస్టారు ఆ ఏడే కొత్తగా చేరారు. యూనిఫాం సరిగా లేని పిల్లల్ని ఇంటికి తిప్పి పంపడం ఆ బడి రూలు. అమలు చేద్దామని ఈల మెడలో వేసుకుని రోజూ నిలబడితే ఒక్కడూ దొరకడే! ప్రతివాడూ పెళ్లికొడుకులా తయారై లోపలికి పోతున్నాడు.

ఓ రోజు ఇక ఉండబట్టలేక వెళ్లి ముసలాయన మీద విరుచుకుపడ్డారు.

"ఏం పెద్దాయనా, ఏంటీ దుకాణం?"

"దుకాణం కాదు బాబూ. ఊరికే..."

"ఆ ఊరికేతోనే పిల్లలు పాడైపోతున్నారు. నువ్వున్నావని వీళ్లకి ధీమా. ఇళ్లలో అమ్మలు కూడా పట్టించుకోవడం మానేశారు. రేపట్నుంచి ఇక్కడ కనపడ్డావంటే బాగుండదు."

ముసలాయన సుద్దముక్క సంచిలో వేసుకుని మెల్లగా లేచాడు.

"వెళ్తాను బాబూ. పిల్లల్ని మాత్రం వెనక్కి పంపకండి. కోప్పడండి, గుంజీలు తీయించండి. ఏం చేసినా లోపలే."

"రూల్సు నువ్వు చెప్తావా నాకు? నడు నడు!"

ఆయన తలొంచుకుని వెళ్లిపోయాడు. మాస్టారికి పీడ విరగడైనట్టు అనిపించింది.

మర్నాడు రెండో తరగతి పిల్ల ఒక కాలికి తెల్ల సాక్సు, ఇంకో కాలికి బూడిదరంగు సాక్సు వేసుకుని వచ్చింది.

"ఇంటికెళ్లి మార్చుకుని రా."

"సార్, తాత ఇస్తాడు..."

"తాతా లేడు, గీతా లేడు. వెళ్లు!"

పిల్ల బిక్కమొహం వేసుకుని వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం వాళ్లమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"మా అమ్మాయి ఏదండీ? క్లాసులో లేదు."

"పొద్దున్నే ఇంటికి పంపేశాం కదమ్మా."

"ఇంటికా? నేను పనికెళ్లిపోయాను. ఇంటికి తాళం వేసి ఉంది సార్!"



ఇద్దరూ పరుగులు పెట్టారు. సందు సందూ వెతికారు. చివరికి బస్టాపు వెనక, మోకాళ్లలో తల దాచుకుని కనిపించింది పిల్ల. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

వాళ్లమ్మ పిల్లని భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. నాలుగు తిట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది.

ఆ తర్వాత ఏ రోజూ ఆయన పిల్లల్ని వెనక్కి పంపలేదు. రోజూ గోడవైపే చూసేవారు. గోడ ఖాళీగా ఉండేది.

ఆఖరికి ఎదురుగా పుస్తకాల షాపు ఆవిడని అడిగారు.

"అమ్మా, ఆ తాత ఇల్లెక్కడో తెలుసా?"

"గది ఖాళీ చేసి వెళ్లిపోయాడండీ. ఎక్కడికో చెప్పలేదు. ఈ పిల్లల కోసమే ఇక్కడ అద్దెకు ఉండేవాడు. మీరు పొమ్మన్నాక ఇంకెందుకు ఉంటాడు?"

"తప్పు చేశానమ్మా. కాళ్లు పట్టుకుందామంటే మనిషే లేడు. ఇంతకీ ఆయనకి ఎందుకింత తాపత్రయం?"

"మీకు తెలీదా? చాలా ఏళ్ల కింద రిబ్బను లేదని ఓ పిల్లని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపారు. ఇల్లు చేరలేదండీ. ఆ మలుపులో లారీ..."

మాస్టారు ఆ మలుపు వైపు చూశారు.

"అయ్యో! అయితే ఆయన ఆ పిల్ల తండ్రా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తండ్రి కాదండీ. మీరు నిలబడే చోటే నిలబడి, ఆ పిల్లని ఇంటికి పొమ్మన్న డ్రిల్లు మాస్టారు."