అమ్మ ఏం వండింది?

బరువు చూసే మిషన్ మీద ముల్లు మళ్ళీ పద్దెనిమిది దగ్గరే ఆగింది. టీచరమ్మ వంగి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూసింది.

“పోనీ, బూట్లు వేసుకుని ఎక్కు,” అంది.

పిచ్చుక బూట్లు వేసుకుని ఎక్కింది. అరిగిపోయిన బూట్లకు బరువేం ఉంటుంది? ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఊరుకుంది. రెండు నెలల కిందట ఇదే పిల్ల పందొమ్మిది కిలోలు తూగింది.

పిచ్చుక అన్నది అసలు పేరు కాదు. మూడో తరగతిలో అందరికన్నా బక్కగా, అందరికన్నా చురుగ్గా ఉంటుందని తోటి పిల్లలు పెట్టుకున్న పేరు. టీచరమ్మకు కూడా అదే అలవాటైపోయింది.

ఆ బడి మధ్యాహ్నం పన్నెండున్నరకే వదిలేస్తారు. పిల్లలు భోజనానికి ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఇంట్లో ఏం తింటున్నారో తెలిసే దారి లేక, ఈ ఏడు టీచరమ్మ ఒక ఉపాయం పన్నింది. తల్లులందరినీ పిలిపించి, కూరగాయలూ పండ్లూ ఎక్కువగా పెట్టండమ్మా అని గంటసేపు చెప్పింది. పిల్లలకు తలా ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. ప్రతి పేజీ మీదా ఒకే ప్రశ్న అచ్చు వేయించింది. ‘ఈ రోజు మీ అమ్మ ఏం వండింది?’

నెల తిరిగేసరికి తల్లుల బండారాలన్నీ బయటపడ్డాయి. ఒకడు వరసగా ఇరవై రోజులు ‘బంగాళాదుంప వేపుడు’ అని రాశాడు. ఇరవై ఒకటో రోజు విసుగొచ్చి ‘నిన్నటిదే’ అని రాశాడు. వాడు మాత్రం రెండు కిలోలు పెరిగాడు.

పిచ్చుక పుస్తకం చదువుతుంటే నోరూరేది. ‘పాలకూర, కాడలు తీసేసి వండింది. కాకరకాయకు ఉప్పు రాసి, చేదంతా పిండేసింది. క్యారెట్ తురిమి దానిమ్మ గింజలు కలిపింది. చివర్లో బొప్పాయి ముక్కలు.’ అక్షరాలు గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా.

టీచరమ్మ ఆ పేజీలు మిగతా తల్లులకు చదివి వినిపించేది. చూసి నేర్చుకోండి అనేది.

“ఆవిడ పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటుంది కాబోలు,” అని ఒకావిడ మూతి తిప్పింది.

ఒక సోమవారం ప్రార్థన జరుగుతుండగా పిచ్చుక కళ్ళు తిరిగి పడిపోయింది. టీచరమ్మ మొహం మీద నీళ్ళు చల్లి, ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

“రక్తం బాగా తక్కువగా ఉంది. ఆకుకూరలు, పండ్లు పెట్టమనండి,” అన్నాడు డాక్టరు.

టీచరమ్మ పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన నాలుగు పేజీలు తిప్పి, తల గోక్కున్నాడు.

“అయితే తిన్నది ఒంటికి పట్టడం లేదు,” అని నులిపురుగుల మందు రాశాడు. ఇంకో నెల చూసి, ఇలాగే ఉంటే పెద్దాసుపత్రిలో చేర్పించాలన్నాడు.

మందు అయిపోయింది. ఇవాళ్టితో ఆ నెలా అయిపోయింది. ముల్లు పద్దెనిమిది దగ్గరే ఉంది.

“అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే,” అంది హెడ్మాస్టరమ్మ, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే.

టీచరమ్మ పిల్లను దగ్గరికి తీసుకుంది.

“కంచంలో వదిలేస్తున్నావా?”

“లేదు టీచర్. ఒక్క మెతుకు కూడా వదలను.”

“మరి ఈ రాసినవన్నీ నిజమేనా?”

“నిజమే టీచర్. అమ్మను అడిగే రాస్తాను.”

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అబద్ధాలాడే పిల్లలను చాలామందిని చూసింది టీచరమ్మ. ఇది ఆ బాపతు కాదు. తన సంచిలోని అరటిపండు తీసి ఇవ్వబోయి, మళ్ళీ లోపల పెట్టేసుకుంది. దానిమ్మ గింజలు తినే పిల్లకు అరటిపండు ఏ మూలకి? తిండి లేక చిక్కిపోయే పిల్లకైతే తిండి పెట్టొచ్చు. ఇంత తిని కూడా చిక్కిపోతుంటే ఏం చెయ్యాలో ఆవిడకు పాలుపోలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

మూడు చీటీలు పంపితే, బడి వదిలే వేళకు పిచ్చుక తల్లి వచ్చింది. పరుగున వచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది. చేతివేళ్ళకు బీట్‌రూట్ రంగు అంటుకుని ఉంది. కుర్చీ చూపించినా అంచు మీదే కూర్చుంది.

“ఈ పుస్తకంలో ఉన్నవన్నీ మీరు వండినవేనా అమ్మా?” అని అడిగింది టీచరమ్మ.

“నేనేనండీ. ఒక్కటి కూడా కల్పించింది కాదు. రాత్రి పూట కూర్చుని అడుగుతుంది. నేను చెబుతుంటే రాసుకుంటుంది. అలా వినడం దానికి సరదా.”

“ఇన్ని రకాలు చేస్తున్నారు. పిల్ల చూస్తే ఇలా అయిపోతోంది. డాక్టరుకే అర్థం కావడం లేదు, ఇక నేనెంత. మీరైనా చెప్పండమ్మా, మీ చేతి వంట దీని ఒంటికి ఎందుకు పట్టడం లేదు?”

తల్లి కూతురి జడ రిబ్బను సర్దింది. టీచరమ్మకు ఇంత చిన్న సంగతి తెలియకపోవడమేమిటన్నట్టు చూసి అంది.

“నేను వంటపని చేసే ఇంట్లోకి దీన్ని రానివ్వరండీ.”