నిలువూ అడ్డమూ

పంటి డాక్టరు చివరి రోగిని పంపించి గ్లవ్స్ తీస్తుండగా మరిది ఊడిపడ్డాడు. అతని వెనక ఇద్దరున్నారు.

"వదినా, ఈయన మా క్వారీ మేనేజరుగారు. అతను డ్రైవరు. అర్జెంటు పని పడింది. నీ రేడియో కావాలి."

కూర్చోమన్నా మేనేజరు కూర్చోలేదు.

"మా సర్వేయరు నిన్న కొలతలకని కొండెక్కి తప్పిపోయాడండీ. లోయలో పడుంటాడు. అక్కడ ఫోను అందదు. వాడికీ మీలాగే రేడియో పిచ్చి. చేతి సెట్టు ఎప్పుడూ సంచీలోనే ఉంటుందట. బతికుంటే దాంతో ఉపగ్రహం ద్వారా సాయం పిలుస్తాడని, అది మీ రేడియోలో వినిపిస్తుందని మీ మరిది అంటున్నాడు. వాడెక్కడున్నాడో తెలిస్తే చాలు, మేం వెళ్ళి తెచ్చుకుంటాం."

డ్రైవరు గుమ్మంలోనే నిలబడి జీపు తాళం వేలికి తిప్పుకుంటున్నాడు.

డాక్టరు చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఉపగ్రహం ఇంకాసేపట్లో మన మీదుగా పోతుంది. పైకి రండి," అంది.

డాబా మీద ఎండ వాలుతోంది. చేప ముల్లులాంటి యాంటెన్నాను పట్టుకుని ఆమె ఆకాశానికి గురిపెట్టింది. స్పీకరు గరగరమంది.

"మీరే పిలిచి అడగొచ్చుగా?" అన్నాడు మేనేజరు.

"నాది వినే సెట్టేనండీ, పలకదు. వినడమూ అంత తేలిక్కాదు. ఉపగ్రహం దొర్లుకుంటూ పోతుంది. దాంతోపాటు తరంగం కూడా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వస్తుంది. అదెటు వాలితే ఈ పుల్లల్నీ అటే వాల్చాలి. అది నిలువుగా వస్తుంటే మనం అడ్డంగా పట్టామా, గొంతు మునిగిపోతుంది."

అంతలో గరగరలోంచి ఓ గొంతు తేలింది.

"...ఎవరైనా వింటున్నారా... కాలు విరిగింది... నీళ్ళయిపోయాయి..."

మరిది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వాడే వదినా! బతికే ఉన్నాడు!"

మేనేజరు స్పీకరు మీదికి వంగాడు.

"...నేనున్న చోటు చెప్తున్నా... పాత..."

గొంతు మునిగింది.

"తిప్పు వదినా, తిప్పు!"

ఆమె మణికట్టు తిప్పింది. గొంతు లేచింది. "...దానికి ఎడమ పక్క..." మళ్ళీ మునిగింది.

ఆమె పుల్లల్ని ఇంకోవైపు వాల్చింది. గరగర ఇంకా పెరిగింది.

"ఇటివ్వు, నేను పడతా," అంటూ మరిది చెయ్యి చాచాడు.

"నీకలవాటు లేదు, పక్కకి జరుగు!"

ఎన్నడూ గొంతెత్తని వదిన అలా కసిరేసరికి అతను బిత్తరపోయాడు.

"ఒక ప్రాణమండీ," అన్నాడు మేనేజరు పళ్ళ బిగువున.

"తెలుసండీ. ఆ భయంతోనే చేస్తున్నా."

ఇంకో రెండు ముక్కలు తెగి తెగి వినిపించాయి. ఆ తర్వాత ఉత్త గరగర. ఉపగ్రహం కొండ వెనక్కి దిగిపోయింది.

డ్రైవరు తాళం తిప్పడం ఆపి మేనేజరు వంక చూశాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అడిగాడు మేనేజరు.

"రేపు పొద్దున."

"వస్తాం."

మెట్లు దిగబోతూ ఆగాడు. యాంటెన్నానూ ఆమెనూ ఓసారి మార్చి మార్చి చూశాడు. కాసేపటికి కింద జీపు కదిలింది.

మరిది పిట్టగోడకి చేరగిలబడ్డాడు.

"ఒక్క మాటైనా సరిగ్గా పట్టలేకపోయావు వదినా. వాడు తెల్లారేదాకా ఉంటాడో లేదో. చేతిదాకా వచ్చినవాణ్ణి జారవిడిచావు."

జీపు మలుపు తిరిగేదాకా ఆమె పిట్టగోడ మీంచి చూసింది. తర్వాత యాంటెన్నా కింద పెట్టి అతని వైపు తిరిగింది.

"ఉపగ్రహం పొద్దున వచ్చినప్పుడే అతను చోటూ జరిగిందీ అంతా చెప్పాడు, నేను ఫోను చేస్తే పోలీసులు బయల్దేరారు, వాళ్ళు చేరేలోగా అది ఈ ఇద్దరి చెవినా పడకూడదు, అతన్ని లోయలోకి తోసింది వీళ్ళేనయ్యా."