ఆ పేరుతో ఎవరూ లేరు

“ఆ పేరుతో ఎవరూ లేరంటోంది సార్” అంది ఫోన్లో మైథిలి.

“లేకపోవడమేంటమ్మా! నిక్షేపంలా బతికుండి నీతో మాట్లాడుతుంటే నన్ను లేనంటుందా నీ కంప్యూటరు?” అని ఉమాకాంతం ఒక్క కేక వేశాడు. జగ్గయ్యపేటలో ఆయన కారం మిల్లులోంచి ఆ కేక బయల్దేరేసరికి, చిల్లకల్లు దగ్గర హైవే మీద నాలుగు లారీలు వెనక ఎవరో హారన్ కొట్టారనుకుని పక్కకు తప్పుకున్నాయి.

మైథిలి హైదరాబాదులో ఓ పెద్ద హోటళ్ల కంపెనీకి సరుకులు కొనే ఆఫీసరు. ఏడాది పొడుగునా వాళ్ల హోటళ్లన్నిటికీ ఉమాకాంతం మిల్లు కారమే వెళ్లేలా మాట కుదిరింది. ఆ ఒప్పందం కాగితం మెయిల్లో వస్తుంది. ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా ‘అందింది, ఒప్పుకున్నాం’ అని అందులోంచే జవాబు వెళ్లాలి. వెళ్లకపోతే ఆర్డరు కంచికచర్ల మిల్లుకు పోతుంది.

“వాట్సాప్‌లో పడెయ్యమ్మా, గొడవుండదు.”

“కుదరదండీ. మిల్లు పేరు మీద సొంత మెయిలు ఉంటేనే పంపాలి. మా రూలు.”

“ఉంది! నిన్ననే పెట్టించా! మళ్లీ రాసుకో. ఉమాకాంతం ఎట్ వైదేహికారం డాట్ ఇన్!”

“అదే కొట్టానండీ. మూడుసార్లు తిరిగొచ్చింది.”

ఉమాకాంతం ఆ ఫోను పెట్టేసి నందిగామలో కంప్యూటర్ల షాపు నడిపే షాకీర్‌కు చేశాడు. మెయిలు పెట్టింది అతనే.

“ఏమయ్యా షాకీరూ, ఎక్కడ?”

“షాపులో ఉన్నా సార్.”

“తాళం వేసి రా. అరగంటలో రాకపోతే నేనే వచ్చి నీ షాపుకి తాళం వేస్తా.”

షాకీర్ బండి మీద వచ్చేసరికి నాలుగు దాటింది. హెల్మెట్ తియ్యకముందే మొదలైంది దండకం.

“వాళ్లు పంపింది పంపినట్టు తిరిగిపోతోంది! ఏం పెట్టావయ్యా నువ్వు? మెయిలా, రబ్బరు బంతా?”

షాకీర్ కంప్యూటరు ముందు కూర్చుని అన్నీ చూశాడు. “ఇన్‌కమింగ్ సర్వర్ బానే ఉంది. పాస్‌వర్డు కరెక్టే. పోర్టు కూడా...”

“పోర్టేంటి? కారం పంపేది హైదరాబాదుకైతే బందరు పోర్టు గొడవ నాకెందుకు?”

షాకీర్ తన ఫోన్లోంచి ఒక మెయిలు కొట్టాడు. కంప్యూటరు ‘టింగ్’ అంది. ఉమాకాంతం జేబులో ఫోను ‘టింగ్’ అంది. మిల్లుకి ఆనుకునే ఉన్న ఇంట్లో, వంటింట్లో ఉన్న ఆయన భార్య వైదేహి ఫోన్లోనూ అదే మెయిలు పెట్టించాడేమో, అది కూడా ‘టింగ్’ అంది.

“చూశారా సార్? ఖాతా ఉంది, వస్తోంది.”

“నువ్వు పంపితే వస్తుంది. వాళ్లు పంపితే రాదు. నందిగామ దాకానే పెట్టావా ఏంటి? హైదరాబాదుకి పెట్టలేదా?”

“అలా ఉండదు సార్! పోనీ, ముందు మనమే వాళ్లకి ఒక మెయిలు కొడదామా?”

“కొనేది వాళ్లయితే, అడుక్కునేవాడిలా ముందు నేను రాయడమేంటి? అన్నీ పీకేసి మళ్లీ పెట్టు!”

షాకీర్ అన్నీ తీసేసి మళ్లీ పెట్టాడు. మళ్లీ మూడుచోట్లా టింగ్. హైదరాబాదు నుంచి మాత్రం చడీచప్పుడు లేదు. నాలుగున్నరైంది. ఉమాకాంతం కోపానికి మిల్లులో ఆ పూట ఆడించిన కారం మామూలు కంటే రెండు పాళ్లు ఎక్కువ ఎర్రబడిందని కూలీలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

“ఏవండీ, అరిస్తే వస్తుందా మెయిలు? అది కుక్కపిల్లేం కాదుగా!” అంది వైదేహి గడపలో నిలబడి.

“నువ్వు లోపలికెళ్లు! నాకిప్పుడు అర్థమైంది. కంచికచర్ల వాళ్లు నిన్ను మంచి చేసుకున్నారు కదయ్యా షాకీరూ? ఐదయ్యేదాకా నన్నిలా కూర్చోబెట్టమన్నారు కదూ?”

షాకీర్ మొహం కందగడ్డయింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. “ఆ మాట అనొద్దు సార్. నా పనికి వంక పెట్టండి, పడతా. నా నిజాయితీకి పెడితే ఊరుకోను. ఆవిడకు ఫోన్ చేయండి, నా ముందే!”

“చేస్తా! నీ బండారం నీ ముందే బయటపెడతా!”

మైథిలి ఫోనెత్తింది. “పది నిమిషాలే ఉందండీ. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు.”

“ఆఖరిసారి చెప్తున్నా, రాసుకో తల్లీ. ఉమాకాంతం. అయిందా? ఎట్...”

షాకీర్ ఒక్క గెంతున వచ్చి ఫోను లాక్కున్నాడు. “మేడం, ఆగండి! ఉమాకాంతం పక్కనే గారు అని కలపండి. జి, ఏ, ఆర్, యు. ఆ తర్వాతే ఎట్. ఇప్పుడు పంపండి!”

అర నిమిషం. మూడుచోట్లా ఒకేసారి టింగ్. ఒప్పందం కాగితం! ఉమాకాంతం తల ఊపాడు. షాకీర్ గబగబా జవాబు కొట్టి పంపాడు. ఐదుకి రెండు నిమిషాలుందనగా మైథిలి గొంతు వినపడింది. “అందిందండీ. ఆర్డరు మీదే.”

షాకీర్ ఫోను బల్ల మీద పెట్టి ఆయన వైపు తిరిగాడు.

“నిన్న నేను ఒట్టి పేరు పెడితే ఏమన్నారు సార్? ‘ఎవడు పడితే వాడు పేరు పెట్టి పిలవడానికి నేనేమన్నా నీ పాలేరునా?’ అని నన్ను తిట్టి, ఆ ఖాతా తీయించి మరీ గారు పెట్టించుకున్నారు. మరి ఆవిడకు చెప్పేటప్పుడు దాన్నెందుకు మింగేశారు?”

ఉమాకాంతం కోపం దిగలేదు సరిగదా, ఇంకో మెట్టెక్కింది.

“సిగ్గు లేకపోతే సరి! పరాయి ఆడపిల్లతో మాట్లాడుతూ, నా పేరుకు నేనే గారు తగిలించుకుంటానటయ్యా?”