తస్బీ సంచి

“ఇంకా ఎన్ని వరసలే?” గడప మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ అడిగింది నాగేంద్రమ్మ.

“రెండే అత్తయ్యా. ఆపైన తాడు దూర్చడానికి కన్నాలు వదలాలి,” అంది మహాలక్ష్మి, కొక్కెం సూది ఆపకుండా.

వారం రోజులుగా నాగేంద్రమ్మ కాపలా ఆ గడప మీదే. కోడలు పెరట్లోకి వెళ్ళినా వెనకాలే వస్తుంది. వీధి వైపు కిటికీకి మేకులు కొట్టించింది. యుద్ధం మూలంగా దారం దొరకడమే గగనమైన రోజుల్లో పక్కింటి జాన్‌బీ గోడ మీంచి ఒక ఉండ అందిస్తే, లోపల చీటీ ఉందేమోనని దాన్నంతా విప్పి చూసింది. జబ్బు మనిషికి ఇంత ఓపిక ఎక్కణ్ణించి వచ్చిందో!

ఆ జబ్బు కబురే మహాలక్ష్మి కొంప ముంచింది. ‘అమ్మకు చివరి గడియలు, వెంటనే రా’ అని భర్త గోపాలకృష్ణయ్య తంతి ఇచ్చాడు. ఏడుస్తూ నరసరావుపేటలో రైలు దిగి పరుగున వస్తే, చివరి గడియల మనిషి ఆవకాయ కలుపుకుని అన్నం తింటోంది. ఆ పూట నుంచీ మహాలక్ష్మికి ఈ ఇంట్లో ఊపిరాడడం లేదు.

“ఎవరికే ఇంత సోకు సంచి?”

“గుల్షన్ అక్కకి. జపం చేసుకునే తస్బీ కొంగున ముడేసుకుంటే పూసలు ఊడిపోతన్నయ్యంట. ఈ అల్లిక నాకు అక్కడ ఆమే నేర్పింది.”

“అక్కడ, అక్కడ! పొద్దస్తమానం అదే జపం. ఇక్కడ లేంది అక్కడేముందే?”

చెబితే అత్తగారికి అర్థం కాదు. అక్కడ నలుగురూ చేరి పుస్తకాలు చదువుతారు, వాదించుకుంటారు, పగలబడి నవ్వుతారు. ఆడదానివి నీకెందుకు అనే మాట వినపడదు. మహాలక్ష్మి తల వంచుకుని కుట్లు లెక్కపెట్టుకుంది.

గోపాలకృష్ణయ్య కాగితం, కలం పట్టుకుని వచ్చాడు.

“అంతా నేనే రాశా. నువ్వు సంతకం పెడితే చాలు. ఇంక అక్కడికి పోయే పనే ఉండదు.”

“పెట్టను.”

“ఊళ్ళో తలెత్తుకోలేక చస్తన్నా. మీ ఆవిడేదీ అంటే ఏం చెప్పమంటావు?”

“ఉన్న మాటే చెప్పండి.”

“ఈ పొద్దు గడప దాటావా, మళ్ళీ ఈ ఇంటి మొహం చూడమాక!”

మహాలక్ష్మి కాగితం అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. పన్నెండేళ్ళ కాపురం. నాలుగక్షరాలు గీకితే గొడవ తీరిపోతుంది. ఆ తర్వాత చచ్చేదాకా ఈ గడప లోపలే. ఆమె కళ్ళు తుడుచుకుని చివరి వరస పూర్తి చేసింది. తాడు దూర్చి రెండు కొసలూ లాగితే సంచి మూతి చక్కగా ముడుచుకుంది. దాన్ని బొడ్లో దోపుకుని, కాగితం భర్త చేతిలోనే పెట్టేసింది.

“అమ్మా, బండి తెచ్చా! రైలుకి టైమైంది,” అని వీధిలోంచి కేక వినిపించింది.

నాగేంద్రమ్మ గడపకు అడ్డంగా చేతులు చాచింది. “పోనియ్యను. ఏం జేసుకుంటావో జేసుకో!”

“జరగండి అత్తయ్యా. కోటయ్య వచ్చాడు.”

ఆ పేరు వినగానే నాగేంద్రమ్మ చేతులు వాటంతటవే దిగిపోయాయి. గోపాలకృష్ణయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మహాలక్ష్మి ఇద్దరికీ దణ్ణం పెట్టి గడప దాటింది, బండెక్కింది, వారం తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

పెరోలు ముగిసిన సత్యాగ్రహ ఖైదీ, కానిస్టేబుల్ కోటయ్య వెంట, సర్కారుకు క్షమాపణ రాసివ్వకుండానే జైలుకు తిరిగి వెళుతోంది.