కదలని కథ

వరండాలో ఇత్తోని చూడగానే జిలాలి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. బెంచీ చివర కూర్చుని ఉంది. భర్త బెన్నాసర్ పోయి ఎన్నాళ్ళో కాలేదు, ఒంటిమీద ఇంకా సంతాపపు తెల్లబట్టలే. మొగుడి సినిమా కంపెనీ ఇప్పుడు ఆమే చూసుకుంటోందని విన్నాడు. అంటే ఈసారి దరఖాస్తు పెట్టిందన్నమాట.

"రండన్నయ్యా," అంటూ లేవబోయింది.

"కూర్చో చెల్లెమ్మా, కూర్చో. పిల్లలు బావున్నారా?" అన్నాడు. జవాబు వినకుండానే లోపలికి జారుకున్నాడు.

రాజధాని రబాత్‌లో సినిమాలకు ప్రభుత్వ సొమ్ము పంచే కమిటీలో అతను సభ్యుడు. పత్రికల్లో విమర్శలు రాసీ రాసీ నోరు బాగా పదునెక్కినవాడు. పోయినేడాది ఇదే బల్ల ముందు ప్రాణమిత్రుడు బెన్నాసర్ స్క్రిప్టు వచ్చింది. పేరు లేకపోయినా ఎవరిదో అతనికి తెలుసు. స్నేహితుణ్ణి వెనకేసుకొచ్చాడని ఎవరైనా అంటారేమోనని భయం. అందుకని అందరికన్నా ముందు అతనే నోరు విప్పాడు.

"ఈ కథ కదలదు. చెర్రీ తోటలో నిద్ర లేచి చెర్రీ తోటలోనే ఆవలిస్తుంది."

అందరూ నవ్వారు. స్క్రిప్టు పోయింది. ఆ మాట బెన్నాసర్ దాకా వెళ్ళింది. తర్వాత అతను ఆస్పత్రిలో పడ్డాడు. చూడ్డానికి మొహం చెల్లక జిలాలి వెళ్ళలేదు. చలికాలంలో బెన్నాసర్ కూడా పోయాడు. జబ్బు పాతదే అన్నారు డాక్టర్లు. జిలాలికి మాత్రం ఆ రోజు నవ్విన నవ్వులే చెవుల్లో మోగుతున్నాయి.

కమిటీ నిబంధనలు గట్టివి. స్క్రిప్టుల మీద పేర్లుండవు. ఒకసారి కాదన్న కథని బాగా మార్చి ఇంకొక్కసారి పంపుకోవచ్చు. అప్పుడూ కాదంటే ఆ కథకి ఇక ఈ తలుపు తెరుచుకోదు. ఏది రెండోసారి వచ్చిందో ఆఫీసు చూసుకుంటుంది, సభ్యులకు చెప్పదు. రాసిందెవరో పసిగట్టిన సభ్యుడు ఆ సంగతి చెప్పి, లేచి బయటికి వెళ్ళిపోవాలి.

వడపోతలన్నీ అయ్యాక రెండు మిగిలాయి. సొమ్ము ఒక్కదానికే ఉంది. ఒకటి సెఫ్రూ ఊళ్ళో చెర్రీ తోట కథ. రెండోది కొండదారిలో పోయే బస్సు కథ.

తోట కథ చదువుతూ జిలాలి మొదటి పేజీకి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. అదే సెఫ్రూ, అవే చెట్లు. పోయినేడాది తల్లి ఉన్నచోట ఇప్పుడు మేనత్త ఉంది, కొడుకు చోట కూతురు. పిచ్చి బెన్నాసర్! మనుషుల్ని మార్చాడే గాని తోటని మాత్రం వదల్లేకపోయాడు. జిలాలి లేచి వెళ్ళాలి. వెళితే ఒక ఓటు తగ్గుతుంది. కుర్చీకి అతుక్కుపోయాడు.

"నా ఓటు బస్సుకే," అన్నాడు నిర్మాత బూషైబ్. "ఆ ముసలమ్మ ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చుంటే నాకు మా అమ్మే గుర్తొచ్చిందయ్యా."

"అమ్మ గుర్తొస్తే ఇంటికెళ్ళి చూసిరా. దానికి సర్కారు డబ్బెందుకు?" అన్నాడు జిలాలి.

బల్ల చుట్టూ నవ్వులు. అతను ఇంకా రెచ్చిపోయాడు. "బస్సు పరిగెత్తినంత మాత్రాన కథ పరిగెత్తుతుందా? రాసినవాడు తనంతట తాను ఎక్కలేదు. ఎవరో వెనకనించి తోస్తే ఎక్కాడు. సగం చదివేసరికే నాకు తెలిసిపోయింది. ఆ తోట చూడు, ప్రాణం పెట్టి రాశాడు."

"సెఫ్రూలో పుట్టిన ప్రతివాడూ చెర్రీల మీదే రాస్తాడులే," అన్నాడు బూషైబ్. " అయినా కదలదని పోయినేడు తోటని చంపావు. ఇప్పుడు కదిలే బస్సుకి అడ్డం పడుతున్నావు. నీకున్నది ఒక నాలుకా, రెండా?"

జిలాలి మొహం కందిపోయింది. అధ్యక్షురాలు వఫా కళ్ళజోడు సర్దుకుంది.

"జిలాలి గారూ, ఆ తోట రాసిందెవరో మీకేమైనా తెలుసా?"

ఆమె కళ్ళలోకి చూడలేక పుదీనా టీ గ్లాసు అందుకున్నాడు. టీ చల్లారిపోయింది.

"తెలీదండీ."

చేతులెత్తారు. ఒక్క ఓటు తేడాతో తోట గెలిచింది. ఆ ఒక్క ఓటు ఎవరిదో జిలాలికి తెలుసు. నిబంధన తప్పాడు, నిండు సభలో అబద్ధమాడాడు. అయినా చాన్నాళ్ళకి ఊపిరి తేలిగ్గా ఆడింది. చచ్చినవాడి కళ్ళు చారెడని బూషైబ్ రేపు వేళాకోళమాడితే ఆడనీ, పడదామనుకున్నాడు.

వఫా గారు ఫలితం చదివే దాకా ఆగలేక, సిగరెట్టు వంకతో వరండాలోకి వచ్చాడు. ఇత్తో పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"నేను చెప్పానని అనకు చెల్లెమ్మా. మన బెన్నాసర్ తోట గెలిచింది. వాడికి నేను చేసిన అన్యాయం చిన్నది కాదు. ఈ ఒక్కదానితో తీరేదీ కాదు. వాడి బదులు నువ్వయినా నన్ను క్షమించు."

ఇత్తో అర్థం కానట్టు చూసింది. ఏడవలేదు, నవ్వలేదు.

"మా కథలో తోట ఇంకెక్కడిదన్నయ్యా," అంది మెల్లిగా, "కదలడం లేదని మీరన్నారని, ఆస్పత్రి మంచం మీదే ఆయన ఆ తల్లిని బుట్టతో సహా బస్సెక్కించేశారుగా!"