ఎదురింటి పిల్లలు

1897 మార్చి పది, బుధవారం. జ్ఞానప్రకాశం పంతులు ఆ తేదీని ఎన్నడూ మరిచిపోలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ములక్కాడల పులుసు, కాల్చిన ఉప్పుచేప. ఆయన కూతురు బేబి కంచంలో అప్పటికే మరో రెండు చేతులు తిరుగుతున్నాయి.

"కబురూ లేదు, కాకరకాయా లేదు. సరిగ్గా కూటివేళకి ఊడిపడతారు," అంది పంతులు తల్లి పాపాయమ్మ. అంటూనే ఇంకో గరిటెడు పులుసు వంచింది.

ఆ చేతులు ఎదురింట్లో ఉండే బండి తోలే బుల్లియ్య కూతుళ్లవి. పెద్దది అమ్మణ్ణికి ఎనిమిదేళ్లు, చిన్నది అచ్చాయమ్మకు నాలుగు.

"ఒకళ్ల ఇంటికి వెళ్లినప్పుడు గుమ్మంలో నిలబడి, రావచ్చా అండీ అని అడగాలమ్మా," అన్నాడు పంతులు, మిషను బడిలో పాఠం చెప్పినట్టే.

"అడిగితే మామ్మగారు వద్దంటారు కదండీ," అంది అమ్మణ్ణి.

పాపాయమ్మ నవ్వు కనపడకుండా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పంతులుకు పోయిన భార్య మాట గుర్తొచ్చింది. "పిలిస్తే వచ్చేది చుట్టం, పిలవకుండా వచ్చేది పిల్ల," అనేది ఆవిడ. ఆడుకోవడానికి వచ్చిన పిల్లను ఏనాడూ పొమ్మనలేదు. ఆవిడ పోయాక ఆరునెలలు నోరు విప్పని బేబిని మళ్లీ నవ్వించింది ఈ ఇద్దరే. ఆ మేలు ఆయన మరిచిపోలేదు.

"నాలుగు రోజులై రాలేదేం? ఇవాళ అమ్మకి చెప్పి వచ్చారా?"

"అమ్మ పడుకుందండి. నాన్న మమ్మల్ని గుమ్మం దాటొద్దన్నాడండి. కంచె సందులోంచి వచ్చేశాం."

"ఎందుకు వద్దన్నాడు?"

"చెప్పకూడదండి."

పంతులు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. చెప్పనక్కర్లేదు, ఆయనకు తెలుసు. మిషనువాళ్లింట్లో నీ పిల్లలు ఎంగిలిపడుతున్నారని ఊరిపెద్దలు బుల్లియ్యను నిలదీసినట్టు వారం కిందటే విన్నాడు. ఇన్నాళ్లూ చూసీచూడనట్టు ఊరుకున్న మనిషి కూడా చివరికి వాళ్ల మాటే విన్నాడన్నమాట.

అంతలో తడిక ఫెళ్లున విరిగింది. గుమ్మంలో బుల్లియ్య. చేతిలో ఎడ్లను అదిలించే ములుగర్ర.

"లేవండే! లెగండి ముందు!"

అమ్మణ్ణిని జడ పట్టుకుని ఈడ్చాడు. కంచం బోర్లాపడింది. బేబి కెవ్వుమని చిన్నదాన్ని వాటేసుకుంది.

"ముట్టుకోకు పాపా! వదులు దాన్ని!" అని బుల్లియ్య గొంతు చించుకున్నాడు.

ఆ మాట అంటరాని కులంలో పుట్టిన పంతులు ఊహ తెలిసినప్పటినుంచీ విన్నదే. రాజమండ్రి కాలేజీలో చదివిన చదువు దాన్ని చెరిపేసిందనుకున్నాడు. చెరగలేదు.

"నా ఇంట్లో నిలబడి, నా బిడ్డని ముట్టుకోవద్దంటావా?"

"తప్పుకోండి పంతులుగారూ, మీకు దణ్ణం పెడతాను. నా పిల్లల్ని నాకిచ్చెయ్యండి."

"ఇంటికి తీసుకెళ్లి చావగొట్టడానికా?"

"అది కాదండీ, మా ఇంట్లో..." బుల్లియ్య మాట మింగేసి, ఏదో అపచారం జరిగినట్టు రెండు చెంపలూ టపటపా వాయించుకున్నాడు. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. పూటుగా తాగి ఉన్నాడనుకున్నాడు పంతులు.

బుల్లియ్య చిన్నదాని మీదికి ఉరికాడు. పంతులు అడ్డం నిలబడ్డాడు. ములుగర్ర భుజం మీద పడింది. రెండో దెబ్బకు కనుబొమ్మ చిట్లి కంట్లోకి నెత్తురు దిగింది.

ఇరవయ్యేళ్లుగా ఏ పిల్లవాడి మీదా బెత్తం ఎత్తని మనిషి పంతులు. తలుపు వెనకున్న అడ్డకర్ర ఆయన చేతికి ఎలా వచ్చిందో! మొదటి దెబ్బకు బుల్లియ్య మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. రెండోది దవడ మీద తగిలి, పన్ను ఊడి ఒలికిన పులుసులో పడింది. మూడోది ఎక్కడ తగిలిందో పంతులు చూడలేదు. ఎముక విరిగిన చప్పుడు మాత్రం విన్నాడు.

"చచ్చిపోతాడ్రా నాయనా!" పాపాయమ్మ కర్ర పట్టుకుని వేలాడింది.

కేకలు విని పక్కింటి ఏసుపాదం మరో ఇద్దరితో పరిగెత్తుకొచ్చాడు.

"పంతులుగారి మీదే చెయ్యెత్తుతావట్రా?"

ముగ్గురూ బుల్లియ్యను తన్నుకుంటూ వీధిలోకి ఈడ్చి పడేశారు. విరిగిన చెయ్యి వేలాడుతుంటే అతను మోకాళ్ల మీద మళ్లీ గుమ్మందాకా పాక్కుంటూ వచ్చాడు.

"పంతులుగారూ... పోనీ, మీ పాపనైనా వీళ్ల దగ్గరికి రానివ్వకండి. వేరేగా పడుకోబెట్టండి. మీ కాళ్లకి దణ్ణం..."

"ఇంకా అదే కూతా?" ఏసుపాదం డొక్కలో తన్నాడు.

బుల్లియ్య నెత్తురు ఉమ్మి, కుంటుకుంటూ వీధి దాటి వెళ్లిపోయాడు.

పాపాయమ్మ కొడుకు నుదుటికి పసుపు అద్ది గుడ్డ కట్టింది.

"పిల్లల్ని పంపించెయ్యకూడదట్రా? ఎంతైనా కన్నవాడు."

"పంపితే ఈ రాత్రికి వాళ్లు బతకరమ్మా," అన్నాడు పంతులు.

అమ్మణ్ణి ఏడుస్తోంది. "నాన్నకి దెబ్బలు తగిలాయండీ," అంది.

"తగ్గిపోతాయమ్మా," అన్నాడాయన.

ముగ్గురినీ ఒకే చాప మీద పడుకోబెట్టి, ఒకే దుప్పటి కప్పాడు. ఏడ్చి ఏడ్చి కాబోలు, చిన్నదాని ఒళ్లు వెచ్చగా ఉంది. బేబి తన చెంప దాని చెంపకు ఆనించి, మెడ చుట్టూ చెయ్యి వేసి, అప్పుడే నిద్రలోకి జారుకుంది. ఇంత నెత్తురు కారిన ఇంట్లో అంత హాయిగా నిద్రపట్టినందుకు పంతులు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. పిల్లలు ఉలిక్కిపడకుండా మెల్లగా తలుపు మూశాడు.

ఎదురింట్లో అమ్మణ్ణి తల్లికి ఒళ్లంతా అమ్మవారు పోసి ఉంది.