అరుదైన పేరు

పళ్లెంలోని బియ్యంలో ఉంగరంతో పేరు రాస్తూ గుణశేఖర్ గొప్పగా చెప్పాడు. "ఇతి! సంస్కృతం పేరవ్వా. మన చిత్తూరులో ఇంకెవురికీ లేదు."

అతనికిది మూడో ఆడపిల్ల. మునిమనవరాలిని ఒళ్లో పెట్టుకున్న చాలమ్మ అడిగింది. "అర్థమేందప్పా?"

"సమాప్తం."

అవ్వకు ఒళ్లు మండినా పకపకా నవ్వింది. "మా నాయనకు సంస్కృతం రాదు. ఐదోది గూడా ఆడబిడ్డేనని నాకు చాలమ్మ అని పెట్టినాడు. నువ్వు సదువుకున్నోడివి, ఫోన్లో ఎతికి ఎతికి అదే పేరు పట్టుకొచ్చినావు. ఆయనకంటే ఏం పెరిగినావప్పా?"

గుణశేఖర్ చెయ్యి ఆగిపోయింది. అతని భార్య లోహిత బియ్యంలో అక్షరాలు చెరిపేసి, ఉంగరాన్ని అవ్వ చేతికిచ్చింది.

"చిన్నప్పుడు ఏ పేరుంటే బాగుండునని నువ్వనుకున్నావో, అది పెట్టవ్వా."

ఎనభై ఏళ్ల చాలమ్మ క్షణం కూడా ఆలోచించలేదు.

"మోహన," అంది.